తూము మూల నీళ్లు

వెంకట్రాజు గారికి చేపల చెరువు గురించి తెలియని సంగతి లేదని కొల్లేరు దిగువ ఊళ్లలో పేరు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది. పడ్డప్పటి నుంచీ దాన్ని నిలబెట్టుకోవడానికి నానా తంటాలూ పడుతుంటారు. నీటి రంగు చూసి చేప ఆకలి చెబుతారు. పొద్దున్నే గట్టు మీద నిలబడి గాలి పీల్చి, ఇవాళ చేప పైకి తేలుతుందో లేదో చెబుతారు. సగం సార్లు నిజమవుతుంది. మిగతా సగం సార్లు ఆయన అప్పటికే ధాన్యం ధర గురించి మాట్లాడుతూ ఉంటారు గనుక ఎవరికీ గుర్తుండదు.

అలాంటి మనిషికి, కూతురు ఇందుజ ఒకరోజు భోజనాల దగ్గర తాను సముద్రాన్ని కొలవడం నేర్చుకోబోతున్నానని చెప్పినప్పుడు మాత్రం దాని లోతు అందలేదు. ఆ పిల్ల ఏలూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసింది. ఇక ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటుందని ఆయనా, ఆయన భార్య లక్ష్మీదుర్గా అనుకుంటూ ఉన్నారు. ఇంతలో తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ భవనంలో సముద్ర పరిశీలన మీద శిక్షణ పెడుతున్నారని, సముద్రం తనలో ఎంత కార్బన్ దాచుకుందో కొలవడం నేర్పుతారని, ఆఖర్న నెగ్గిన ఒక్కరిని మాత్రం విశాఖపట్నం నుంచి బయలుదేరే పరిశోధన ఓడ మీద బంగాళాఖాతంలోకి తీసుకువెళతారని తెలుసుకుని దరఖాస్తు పెట్టేసింది. చోటు కూడా వచ్చేసింది.

"సముద్రం ఏవన్నా పొలవా అమ్మా, గొలుసేసి కొలవడానికి?" అన్నారు రాజుగారు.

ఇందుజ నవ్వలేదు. ఆ పిల్లకి తండ్రి వేళాకోళాలు పాతవే. పెరుగన్నం కలుపుకుంటూ ఓపిగ్గా చెప్పింది. మనం కాల్చే పెట్రోలూ బొగ్గూ పొగై పోతోంది కదా, ఆ పొగలో పెద్ద వాటా సముద్రం మింగుతోందట. కొంత నీళ్లలో కరుగుతుందట, కొంత మడ అడవుల కింద బురదలోకి దిగి అక్కడే ఉండిపోతుందట. ఎంత మింగిందో, ఎక్కడ పెట్టుకుందో, ఇంకెంత మింగగలదో తెలియకపోతే రేపు వానలెలా పడతాయో ఎండలెలా కాస్తాయో చెప్పేవాడు ఉండడట.

"అయితే సముద్రం మింగినదాన్ని మీరు కక్కిస్తారన్నమాట."

"కక్కించక్కర్లేదు నాన్నగారూ. ఎంత ఉందో మర్యాదగా అడిగితే అదే చెబుతుంది. అడగడం రావాలి, అంతే."

ఆ అడగడం ఎంత కష్టమో తర్వాత రోజుల్లో ఇంటిల్లిపాదికీ తెలిసొచ్చింది. ఇందుజ పొద్దున్నే గణపవరం మీదుగా గూడెం బస్సెక్కి వెళ్లేది, సాయంత్రం వచ్చి పెరట్లో నీళ్ల తొట్టి ముందు కూచునేది. ఆ పిల్ల చేతిలో ఒక గాజు సీసా, ఒక సన్నటి రబ్బరు గొట్టం. గొట్టం కొస సీసా అడుగుకి తగలాలి. నీరు అడుగు నుంచి మెల్లగా పైకి లేవాలి, చప్పుడు కాకూడదు, ఒక్క బుడగ రాకూడదు. సీసా నిండాక కూడా ఆపకూడదు, మొదట వచ్చిన నీరంతా పొర్లి పోయేదాకా వదలాలి. ఎందుకంటే ఒక్క బుడగ పడినా, ఆ బుడగలోని గాలికీ నీటిలోని కార్బన్‌కీ ఇచ్చిపుచ్చుకోడం మొదలైపోతుంది, సీసా చెప్పేది ఇక నీటి మాట కాదు. తర్వాత నీటిలోని ప్రాణులు ఊపిరి తీసి లెక్క మార్చకుండా ఒక చుక్క విషం వెయ్యాలి. ఆనక మూతకి జిడ్డు పట్టించి, గాలి చొరకుండా బిగించాలి. ఇంట్లో విషం లేదు గనుక ఆ చుక్క వేసినట్టు చెయ్యి తిప్పేది.

లక్ష్మీదుర్గ తొట్టి ఖాళీ అయిపోతోందని గొణిగేది. రాజుగారు అరుగు మీద కూచుని, పేపరు చదువుతున్నట్టు ముఖం పెట్టి చూస్తూ ఉండేవారు. చేసిన పనే మళ్లీ మళ్లీ, విసుగన్నది లేకుండా, మొదటిసారి చేస్తున్నంత జాగ్రత్తగా చేసే మనిషిని ఆయన తన జన్మలో చూడలేదు. తనకే ఆ గుణం లేదు. నాలుగోసారికి ఆయన మేత బస్తా అయినా విసిరేస్తారు. ఈ పిల్లకి ఇదెక్కణ్ణించి వచ్చిందా అని ఆశ్చర్యపోయేవారు, తన వైపు నుంచే వచ్చి ఉంటుందని సరిపెట్టుకునేవారు.

ఒకసారి ఉండబట్టలేక ఆయన ఒక సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశారు. ఇందుజ వచ్చి రెండు చేతులతో సీసాని ఆయన వేళ్ల మధ్య నుంచి తీసుకుంది.

"ముట్టుకోకండి నాన్నగారూ. చేతి జిడ్డు అంటుతుంది."

తల కొట్టేసినట్టయింది రాజుగారికి. తన ఇంట్లో, తన కూతురు, ఒక గాజు సీసా కోసం. కాని రాత్రి భోజనం దగ్గర లక్ష్మీదుర్గతో, అమ్మాయి పనిలో శుభ్రం అంటే శుభ్రమేనని గొప్పగా చెప్పారు.

శిక్షణ ఇచ్చే పెద్దాయన శరత్‌చంద్ర గారిది ఏలూరే. వాళ్ల నాన్నగారు హైస్కూల్లో తెలుగు మేష్టారు. ఈయన సముద్రాల మీద తిరిగి తిరిగి నెత్తి నెరిసినా, గొంతు మాత్రం ఏలూరు గొంతే, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఆ మెత్తదనం చూసి మోసపోకూడదని ఇందుజ చెప్పేది. సీసాలో ఆవగింజంత బుడగ కనబడితే చాలు, "మళ్లీ చేద్దామాండీ" అని చిరునవ్వుతో మొత్తం నీళ్లు పారబోయిస్తారట. ఆయన ఒకసారి తుఫాను అంచున ఊగే ఓడ మీద తనను తాడుతో కట్టుకుని సీసాలు నింపారని, ఆ నీళ్ల లెక్కలు ఇప్పటికీ ప్రపంచంలో వాడుతున్నారని చెబుతున్నప్పుడు ఆ పిల్ల కళ్లు మెరిసేవి. ఓడ ఎక్కాలన్న కోరిక ఆ పిల్లకి అన్నం సయించనంత ఉందని తండ్రికి అప్పుడే అర్థమైంది.

ఆఖరి పరీక్షకి శరత్‌చంద్ర గారికి ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటు కావలసి వచ్చింది. ఎండాకాలంలో సముద్రపు పోటు ఉప్పుటేటి గుండా పైకి ఎక్కి కొల్లేరు దాకా వస్తుంది గదా. ఆ ఉప్పుటేటి ఒడ్డునే రాజుగారి చెరువు, కొల్లేరు అభయారణ్యం హద్దు రాళ్లకి అవతల, పట్టా భూమిలో. ఇందుజ అడగకుండానే ఆయన కబురు పెట్టేశారు. చెరువు ఇస్తానన్నారు, పడవ ఇస్తానన్నారు, మధ్యాహ్నం అందరికీ భోజనం కూడా ఇక్కడేనన్నారు. శరత్‌చంద్ర గారు సాయంత్రం స్వయంగా వచ్చి, చెరువు చుట్టూ తిరిగి చూసి, నీటిలో వెదురు కర్రలు పాతించి, ఒక్కొక్క కర్రకి ఒక్కొక్కరి పేరున్న అట్ట కట్టించి వెళ్లారు. ఎవరి కర్ర దగ్గర వాళ్లు నీరు పట్టాలి, బురద తియ్యాలి. ఇదీ పరీక్ష.

ఆయన వెళ్లాక రాజుగారు గట్టు మీద ఒక చుట్టు తిరిగారు. తిరిగినవారు తూము దగ్గర ఆగిపోయారు. ఇందుజ పేరున్న కర్ర తూము మూలనే ఉంది.

చెరువంతటిలోకీ పాడు మూల అది. గాలికి కొట్టుకొచ్చిన నాచూ నురగా అక్కడే చేరతాయి. నీరు చిక్కగా, పాచి రంగులో, చూడ్డానికే మురిగ్గా ఉంది. అవతల నెల్సన్ అనే కుర్రాడి కర్ర దగ్గర నీళ్లు తళతళలాడుతున్నాయి. రాజుగారికి ఒళ్లు మండింది. తన చెరువులో తన కూతురికే మురుగు వాటా రావడం ఏమిటి? శరత్‌చంద్ర గారు కావాలని పెట్టారని కాదు, పాపం ఆయనకేం తెలుసు. తెలిసినవాడు తాను ఉండి చూస్తూ ఊరుకోవడం ఎలా?

కొల్లేటి చెరువులవాళ్లకి ఒక అలవాటుంది. చేపలు కొనేవాళ్లో, ఆఫీసర్లో వస్తున్నారంటే నీటికి సున్నం వేస్తారు. పండక్కి గడపకి పసుపు రాసినట్టే. నీరు తేటపడుతుంది, వాసన పోతుంది, చెరువుకి ఒక కళ వస్తుంది. రాజుగారు తెల్లారగట్లే లేచి, పంచె ఎగ్గట్టి, పాలేరుని కూడా పిలవకుండా, పాకలోంచి పిండి సున్నం రెండు గంపలు తెచ్చి తూము మూల చుట్టూ చల్లారు. బకెట్టులో కలిపి మళ్లీ పోశారు. గట్టు మీద పడిన తెలుపుని నీళ్లతో కడిగేశారు. అయ్యాక నిలబడి చూసుకుంటే మనసు కుదుటపడింది. నీళ్లు బాగుంటే మార్కులు బాగుంటాయి, అందులో అనుమానమేముంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసినంత పెద్ద పని అని కూడా ఆయనకి తోచలేదు.

పొద్దెక్కాక వ్యానులో అందరూ వచ్చారు. ఒక్కొక్కరే పడవలో తమ కర్ర దగ్గరకి వెళ్లారు. ఇందుజ వంతు వచ్చేసరికి రాజుగారు గట్టు మీద ఆవలి ఒడ్డున నిలబడ్డారు, దగ్గరకి వెళితే బాగుండదని. పెరట్లో తొట్టి ముందు చూసిన పిల్లే ఇప్పుడు పడవ అంచున మోకాళ్ల మీద కూచుంది. పడవ ఊగుతోంది, పైన ఎండ. ఆ పిల్ల చెయ్యి మాత్రం ఊగలేదు. ముందు చుట్టూ చూసింది. నీటి రంగు, గాలి దిక్కు, అక్కడ చేప కదులుతోందా లేదా, చూసిందంతా రాసుకుంది. పడవ మీంచి వీచే గాలి సీసా వైపు రాకుండా పడవ తిప్పించింది. గొట్టం దించింది, సీసా నింపింది, పొర్లించింది, చుక్క వేసింది, మూత బిగించింది. ఆ వెంటనే రెండో సీసా. తర్వాత పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాన్ని బురదలోకి నిట్టనిలువుగా దించి, పైన మూత బిగించి, చెదరకుండా పైకి లాగింది. ఆ బరువుకి పడవ ఒరిగింది. పక్కనున్నవాళ్లు చెయ్యి వెయ్యబోతే తల అడ్డంగా ఊపింది. రాజుగారికి ఛాతీ పొంగిపోయింది. ఎవరికైనా చెప్పాలనిపించి పక్కకి చూస్తే ఒక కొంగ తప్ప ఎవరూ లేరు.

భోజనాలయ్యాక శరత్‌చంద్ర గారు మర్యాదగా, మీ చెరువు నీళ్లకి ఏం చేస్తామో మీరూ వచ్చి చూడండి రాజుగారూ అని వ్యానులో ఎక్కించుకుని గూడెం తీసుకువెళ్లారు. ల్యాబులో వెనక ఒక బల్ల చూపించారు. అక్కడ కూచుని రాజుగారు చూశారు. నీటిలో కరిగి ఉన్న కార్బన్ ఎంతో ఒక మెషీను చెప్పింది. తర్వాత ఆల్కలినిటీ అన్నారు. అదేమిటని పక్కనున్న నెల్సన్‌ని అడిగితే, నీటిలో యాసిడ్‌ని చుక్క చుక్కగా వదులుతూ పోతే అది ఎంతదాకా తట్టుకుంటుందో, ఆ ఓర్పే ఆల్కలినిటీ అండి అని చెప్పాడు. సముద్రానికి ఆ ఓర్పు ఉండబట్టే అంత కార్బన్ మింగుతోందట. ఆ మాట రాజుగారికి నచ్చింది.

అందరి నీళ్లూ ఇంచుమించు ఒకే చోట ఓర్పు చాలించుకున్నాయి. ఇందుజ సీసా వంతు వచ్చింది. యాసిడ్ పడుతూనే ఉంది. నీరు ఓర్చుకుంటూనే ఉంది. ఎంతకీ లొంగదు. బోర్డు మీద అందరి అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే, ఆ పిల్ల కార్బన్ అంకె, ఆల్కలినిటీ అంకె రెండూ దారితప్పి ఎక్కడో ఉన్నాయి. గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

శరత్‌చంద్ర గారు ఆ పిల్ల పక్కకి వచ్చి, ఎంతో నెమ్మదిగా, సీసా శుభ్రంగా లేకపోవడమో, బుడగ పడటమో జరిగి ఉంటుందని, ఓడల మీద కూడా జరిగేదేనని అన్నారు. చెడిన సీసా అని రాసి పక్కన పెట్టెయ్యమన్నారు. దానికి పోయే మార్కులు తక్కువే. ఇప్పటిదాకా చేసిన పని అంతా కలిపితే ఆ పిల్లే ముందుంది, నెల్సన్ ఆ వెనకాలే. అట్లా కాక ఈ అంకె సరైనదేనని పట్టుపట్టి, కారణం చూపలేకపోతే మాత్రం, తప్పు ఒప్పుకోలేని మనిషిని ఓడ ఎక్కించడం కష్టం. ఆయన ఈ చివరి మాట అనలేదు, అనవలసిన అవసరం కూడా లేదు.

అసలు సంగతి రాజుగారికి అప్పటికింకా తెలియలేదు. పెట్టెయ్యమ్మా పక్కన, పెద్దాయన దారి చూపిస్తుంటే, అని మనసులో వెయ్యి సార్లు అన్నారు.

ఇందుజ లేచి బోర్డు మీది తన అంకెలు చూపించింది. "బుడగ పడితే కార్బన్ అంకె మారుతుంది సార్, ఆల్కలినిటీ మారదు. నాకు రెండూ మారాయి," అంది. "రెండు సీసాలూ ఒకే మాట చెబుతున్నాయి. రెండూ ఒకేలా చెడవు కదండి. అక్కడి నీరే అలా ఉంది."

"మరి ఒక్క మూలే అలా ఎందుకుంటుందండీ?" అన్నారు శరత్‌చంద్ర గారు.

తూము మూల నీరు మాత్రం తేటగా ఉందని, అక్కడ చేప మసలడం లేదని పొద్దున్న చూసిందే మళ్లీ గుర్తు చేసుకుంటున్నట్టు ఆ పిల్ల కళ్లు సగం మూసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెరువు గట్ల మీద తిరిగిన పిల్ల. కళ్లు తెరిచి, వెనక బల్ల వైపు తిరిగింది.

"నాన్నగారూ, పొద్దున్న తూము మూల సున్నం గానీ వేశారా అండి?"

రాజుగారికి అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది, యాసిడ్‌ని మింగుతున్నది తన సున్నమే. గదిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. వేశానంటే పరీక్ష నీటిలో తండ్రి చెయ్యి పెట్టాడంటారు. పిల్లని పంపించేస్తారో ఏమో, ఎవరికి తెలుసు. పైగా చెరువుల సంగతి తెలిసినవాడన్న పేరు ఇంతమంది చదువుకున్నవాళ్ల ముందు గంగలో కలుస్తుంది. లేదంటే? లేదంటే ఏ గొడవా లేదు. చెడిన సీసా కింద పోతుంది, మార్కులు కొద్దిగా పోతాయి, ఓడ మిగులుతుంది. గట్టు మీద తెలుపుని ఆయనే కడిగేశారు. 'లేదమ్మా' అన్న మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది.

అప్పుడాయన కూతురి ముఖం చూశారు. అందులో కోపం లేదు, నింద లేదు, బతిమాలడం కూడా లేదు. తెలుసుకోవాలన్న కోరిక ఒక్కటే ఉంది. సీసాలో నీటిని అడిగినట్టే ఆయన్నీ అడిగింది. అంత నమ్మకంగా ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు.

"వేశానమ్మా," అన్నారు రాజుగారు. లేచి నిలబడి శరత్‌చంద్ర గారి వైపు తిరిగారు. "రెండు గంపలండి. పిండి సున్నం. అమ్మాయికి తెలీదండి. దాని వాటా నీళ్లు మురిగ్గా ఉన్నాయని నేనే తెల్లారగట్ల వేశానండి. నీళ్లు బాగుంటే మార్కులు బాగుంటాయనుకున్నానండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. శరత్‌చంద్ర గారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, పరీక్ష చోట చెయ్యి పెట్టడం తప్పేనండి రాజుగారూ అని మెత్తగానే అన్నారు. మాట ఒక్కటే చాలదని, రేపు పొద్దున్నే అందరం చెరువు దగ్గరకి పోయి చూద్దామని, అక్కడ సున్నం ఉంటే ఆ అంకె నిలుస్తుందని, లేకపోతే లేదని చెప్పారు. రాజుగారి మాట నమ్మలేదని కాదు, అది ఆయన పద్ధతి.

బస్సులో తండ్రీకూతుళ్లు ఒకే సీట్లో కూచున్నారు. గణపవరం వచ్చేసరికి ఆయన ఒక మాట అడగబోయారు. అప్పటికే ఇందుజ ఆయన భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. చెయ్యి మాత్రం ఒళ్లో సీసాల పెట్టె మీద బిగించి ఉంది.

మర్నాడు తూము మూల మళ్లీ నీరు పట్టారు, ఈసారి అందరూ తలొక సీసా. ఆనక నెల్సన్ బురదలోకి గొట్టం దించి పైకి తీశాడు. శరత్‌చంద్ర గారు గట్టు మీద గోనె పరిచి, ఆ బురద కడ్డీని చెక్కు చెదరకుండా దాని మీదకి జార్చి, సన్నటి తీగతో నిలువునా కోశారు. పైన పాయసం మీద మీగడలా తెల్లటి పొర, నిన్నటి సున్నం. అక్కడితో అయిపోలేదు. దాని కింద నల్లటి ఒండ్రు, అందులో చెదిరిన తెల్లటి గీతలు, ఒకదాని కింద ఒకటి. ఏటా చెరువు ఎండగట్టి సున్నం కొట్టిన గుర్తులు. ఇంకా కిందకి వెళితే కుళ్లిన వరి దుబ్బులు, గట్లు పోసి చెరువు చెయ్యకముందు రాజుగారి తండ్రి సాగు చేసినప్పటివి. అట్టడుగున చిన్న చిన్న గవ్వలు.

"ఈ నలుపంతా కార్బనే నాన్నగారూ," అని ఇందుజ ఆయన పక్కన గొంతుక్కూచుని వేలితో, తాకకుండా, చూపించింది. "మేత, నాచు, ఆకు, గడ్డి. గాలిలోకి పోవలసింది ఇక్కడ ఆగిపోయింది. ఆ గవ్వల కాలంలో ఉప్పునీరు ఇక్కడిదాకా ఉండేదన్నమాట. సముద్రం అడుగున కూడా ఇలాగే చదువుతారు."

రాజుగారు ఆ కడ్డీ వంక చూస్తూ ఉండిపోయారు. తాను నడిచిన నేల కింద తన జీవితమూ, తండ్రి కష్టమూ, ఎవరికీ తెలియని పాత సముద్రమూ పొరలు పొరలుగా పడుకుని ఉన్నాయి. ఇన్నేళ్లూ గట్టు మీద నిలబడి అంతా తెలుసనుకున్నారు. ఈ పిల్ల ఒక గొట్టం దించి పైకి లాగింది. ఆయనకి కూతురి మీద ప్రేమ ఎప్పుడూ ఉంది. గౌరవం అన్నది ఇదీ అని ఆ గోనె పక్కన కూచున్నప్పుడు తెలిసింది. కళ్లు చెమరిస్తే ఎండ అని చెప్పుకున్నారు.

పొద్దున్నే వ్యానులో గూడెం పంపిన సీసాల లెక్కతో మధ్యాహ్నానికి ల్యాబు నుంచి ఫోనొచ్చింది. తూము మూల నీళ్లు ఎవరు పట్టినవైనా నిన్న మిగతా చోట్ల వచ్చిన అంకెలకంటే పైనే ఉన్నాయి, ఇందుజ మొదటి రోజు అంకె నిలబడింది. శరత్‌చంద్ర గారు తన నిర్ణయం గట్టు మీదే అందరి ముందూ చెప్పారు. సీసా నింపడం ఇక్కడున్న వాళ్లందరికీ వచ్చునని, నడిసముద్రంలో ఎవరూ ఊహించని అంకె వచ్చినప్పుడు దాన్ని పారబొయ్యకుండా, కారణం ఎంత దగ్గరలో ఉన్నా వెళ్లి అడగగలిగే మనిషి తనకి కావాలని అన్నారు. నెల్సన్ లేచి, నేనైతే ఆ రెండు సీసాలూ పారబోసేవాణ్ని సార్ అని, ఇందుజకి చెయ్యి కలిపాడు. కుర్రాడు బంగారం అనుకున్నారు రాజుగారు. వాడి నీళ్లు తళతళలాడినందుకు కోపం తెచ్చుకున్న సంగతి ఆయనకి అప్పుడు గుర్తు రాలేదు.

ఇందుజ విశాఖపట్నం వెళ్లే రోజున లక్ష్మీదుర్గ ఇంటి దగ్గరే కళ్లు తుడుచుకుని, అరిసెల డబ్బా ఇచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది. రాజుగారు గూడెం స్టేషనుదాకా వచ్చారు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ బెంచీ మీద కూచున్నారు. బస్సులో అడగలేకపోయింది ఇన్నాళ్లకి ఆయన నోటి వెంట వచ్చింది.

"ఆ రోజు అంతమందిలో అడిగావు కదమ్మా. నా మీద కోపం వచ్చిందా?"

"కోపం కాదండి. భయమేసింది."

"భయమెందుకు?"

"మీరు లేదంటారేమోనని," అంది ఇందుజ. ఒళ్లో ఉన్న సీసాల పెట్టె తాడు సరిచేసుకుంటూ అంది. "మీరు లేదంటే నేను మీ మాటే నమ్మేదాన్ని నాన్నగారూ. నా అంకె నేనే కొట్టేసుకునేదాన్ని."

నాలుక చివర నిలబడ్డ ఆ మాట రాజుగారికి గుర్తుంది. ఆ మాట బయటికి వచ్చి ఉంటే ఏమై ఉండేదో ఆ క్షణంలో పూర్తిగా కనబడింది. ఓడ పోవడం కాదు. సముద్రాన్ని నిలబెట్టి అడగగల పిల్ల, తన కళ్లని తాను నమ్మడం మానేసేది, అదీ తన వల్ల. కూతురి తల మీద చెయ్యి వేశారు.

రైలు వస్తోందని మైకులో చెప్పారు. ఇందుజ లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఫోనులో బోగీ నంబరు చూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఒక్క క్షణం ఆలోచించి, ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరినీ తాకనివ్వని ఆ పెట్టెని తండ్రి చేతుల్లో పెట్టింది.

"కాసేపు పట్టుకోండి నాన్నగారూ."

రాజుగారు ఆ పెట్టెని పుట్టిన రోజున ఇదే ఇందుజని అందుకున్నట్టు అందుకున్నారు. మూత మీద వేళ్లు పడకుండా కిందనుంచి అరచేతులు పెట్టి, కదలకుండా నిలబడ్డారు. జనం తోసుకుంటూ రైలు వైపు పోతున్నారు. ఎవరో పెద్దమనిషి దయతలచి, బరువుగా ఉన్నట్టుంది, ఇటివ్వండి, నేను లోపల పెడతానని చెయ్యి చాపాడు.

"వద్దండి, ముట్టుకోకండి," అన్నారు రాజుగారు. "చేతి జిడ్డు అంటుతుందండి."